బండి ఒకరిది, ఎద్దులు ఇంకొకరివి: మనుషులను మోసే వాణిజ్య వ్యోమనౌకలకు రాకెట్ ఎంపిక ఎంత ముఖ్యం?

ప్రశ్న: గూడూరు మాస్టారు

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 2025 మార్చిలో సముద్రంలో దిగిన దృశ్యాన్ని మరునాడు తరగతిలో పిల్లలతో కలిసి చూశాను. అప్పటి నుంచి ఒక చర్చ మమ్మల్ని వదలడం లేదు. దాదాపు ఎనిమిది రోజుల పని మీద వెళ్లినవారు తొమ్మిది నెలలు దాటాక, తాము ఎక్కి వెళ్లిన స్టార్‌లైనర్‌లో కాకుండా స్పేస్‌ఎక్స్ సంస్థ డ్రాగన్‌లో తిరిగి వచ్చారు కదా, మరి తప్పు రాకెట్‌దా, దాని మీద కూర్చున్న వ్యోమనౌకదా అని ఒక విద్యార్థిని అడిగింది. వ్యోమనౌక బోయింగ్ సంస్థదని, దానిని మోసిన అట్లాస్ 5 రాకెట్ యునైటెడ్ లాంచ్ అలయన్స్ అనే మరో సంస్థదని, ఆ రెండో సంస్థలో బోయింగ్‌కు, లాక్‌హీడ్ మార్టిన్‌కు చెరిసగం వాటా ఉందని చెప్పాను. వెనక బల్ల నుంచి ఒక కుర్రాడు, "అయితే బండి ఒకరిది, ఎద్దులు ఇంకొకరివన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు గానీ, ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది.

నేను ఇంతకాలం రాకెట్‌ను లారీ లాంటిదని భావిస్తూ వచ్చాను. సరుకు ఎవరిదైనా, బరువు సరిపోతే ఏ లారీ అయినా మోస్తుంది. ఉపగ్రహాల విషయంలో అది చాలావరకు నిజమే. మన శ్రీహరికోట నుంచి ఎన్ని దేశాల ఉపగ్రహాలు వెళ్లలేదు? మరి మనుషులు ప్రయాణించే వ్యోమనౌకకు కూడా ఇదే వర్తిస్తుందా? నాసా పోటీ పెట్టినప్పుడు ఉత్తమమైన వ్యోమనౌకను ఒక చేత్తో, ఉత్తమమైన రాకెట్‌ను మరో చేత్తో విడివిడిగా ఎంచుకుని జత చేసి ఉండవచ్చు కదా? స్పేస్‌ఎక్స్ మాదిరిగా రెండింటినీ ఒకే సంస్థ తయారు చేయడం వల్లనే ఆ దారి నెగ్గిందా, లేక అది కేవలం కాకతాళీయమా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి. పిల్లలకు పైపై జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు.

జవాబు: కక్ష్య

మాస్టారూ, మీ కుర్రాడి మాటలోనే సగం జవాబు ఉంది. బండికీ ఎద్దులకూ మధ్య కాడి ఉంటుంది. ఈ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ కాడే.

ముందు పోటీ నేపథ్యం చూద్దాం. స్పేస్ షటిల్ చివరి ప్రయాణం 2011 జులైలో ముగిసింది. ఆ తరువాత అమెరికా వ్యోమగాములు అంతరిక్ష కేంద్రానికి వెళ్లాలంటే రష్యా సోయుజ్‌లో సీటు కొనుక్కోవడం తప్ప మరో మార్గం లేకపోయింది. ఆ పరిస్థితి రాబోతోందని ముందే తెలుసు కనుక 2010 ఫిబ్రవరిలో నాసా 5 కోట్ల డాలర్లను ఐదు సంస్థలకు పంచి వాణిజ్య వ్యోమనౌకల పనికి శ్రీకారం చుట్టింది. 2011 ఏప్రిల్‌లో రెండో విడతలో నలుగురు ఎంపికయ్యారు: బోయింగ్‌కు 9.23 కోట్లు, సియెర్రా నెవాడాకు 8 కోట్లు, స్పేస్‌ఎక్స్‌కు 7.5 కోట్లు, బ్లూ ఆరిజిన్‌కు 2.2 కోట్ల డాలర్లు దక్కాయి.

వ్యోమనౌకలుగా చూస్తే ఈ నలుగురివీ నాలుగు దారులు. బోయింగ్‌ది నేల మీద గాలిసంచుల సాయంతో దిగే గుళిక (క్యాప్సూల్). స్పేస్‌ఎక్స్‌ది అప్పటికే సరుకుల కోసం తయారైన డ్రాగన్‌కు పెద్దన్న. సియెర్రా నెవాడాది డ్రీమ్ చేజర్ అనే చిన్న రెక్కల నౌక. అది విమానంలా రన్‌వే మీద దిగుతుంది. బ్లూ ఆరిజిన్‌ది మరో ఆకారపు గుళిక. ఇంత వైవిధ్యం ఉన్నందున పోటీ బాగా సాగుతోందని అందరూ సంబరపడ్డారు. కానీ కింద ఏ రాకెట్ ఉందో చూస్తే చిత్రం మారిపోతుంది. నలుగురిలో ముగ్గురు అట్లాస్ 5నే నమ్ముకున్నారు. బోయింగ్ తన గుళికను ఒకటి కంటే ఎక్కువ రాకెట్లకు సరిపోయేలా గీసుకుని కూడా 2011 ఆగస్టులో అట్లాస్‌నే ఖరారు చేసింది. డ్రీమ్ చేజర్‌కు అదే. బ్లూ ఆరిజిన్ కూడా సొంత రాకెట్ సిద్ధమయ్యేదాకా అదే అనుకుంది. స్పేస్‌ఎక్స్ సొంత రాకెట్ ఫాల్కన్ 9 ఒక్కటే వేరు. అంటే నాలుగు ఇళ్లు కనిపిస్తున్నా, మూడింటికి నీరు ఒకే బావిలోది.

ఆ బావికి ఇంకో చిక్కు ఉంది. అట్లాస్ 5 మొదటి అంచెను నడిపే ఆర్‌డీ-180 ఇంజిన్ రష్యాలో తయారైనది. సోయుజ్ మీద ఆధారపడడం నుంచి బయటపడేందుకు పెట్టిన పోటీలో మూడు వంతుల మంది రష్యా ఇంజిన్ మీద ఆధారపడ్డారన్నమాట. 2014లో క్రిమియా వ్యవహారం తరువాత ఆంక్షలు మొదలైనప్పుడు, రష్యా ఉప ప్రధాని రొగోజిన్ అమెరికా తన వ్యోమగాములను ట్రాంపొలిన్ మీద గెంతించి పంపుకోవచ్చునని ఎద్దేవా చేశారు. ఆ ఏడాదే సెప్టెంబరు 16న నాసా తుది ఒప్పందాలు ప్రకటించింది. బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్ల డాలర్లు. డ్రీమ్ చేజర్‌కు ఏమీ దక్కలేదు. సియెర్రా నెవాడా ఫిర్యాదు చేసినా 2015 జనవరిలో అది వీగిపోయింది. రెక్కల నౌక పోయినందుకు నాకు ఇప్పటికీ కొంత బాధే గానీ, ఇద్దరినే ఎంచుకోవలసివచ్చినప్పుడు రెండు వేర్వేరు రాకెట్ల మీద ఎగిరే ఇద్దరు మిగలడం నా దృష్టిలో ఆ నిర్ణయంలోకెల్లా మేలైన అంశం. బోయింగ్, డ్రీమ్ చేజర్ మిగిలి ఉంటే అట్లాస్‌కు జలుబు చేసిన ప్రతిసారీ రెండు నౌకలూ మంచాన పడేవి.

ఇక కాడి సంగతి. 2019 డిసెంబరు 20న స్టార్‌లైనర్ మనుషులు లేకుండా మొదటిసారి ఎగిరింది. అట్లాస్ తన పనిని చక్కగా చేసింది. అయితే ఈ జోడీలో రాకెట్ వ్యోమనౌకను పూర్తి కక్ష్యలోకి చేర్చదు. కక్ష్యకు కొంచెం తక్కువ దారిలో వదిలేస్తుంది. బయలుదేరిన అరగంటకు స్టార్‌లైనర్ తన ఇంజిన్లను తానే మండించుకుని మిగిలిన వేగాన్ని సంపాదించుకోవాలి. ఆ రోజు విడిపోయిన తరువాత స్టార్‌లైనర్ గడియారం 11 గంటలు ముందుంది. కారణం చిత్రమైనది. వ్యోమనౌక తన గడియారాన్ని అట్లాస్ కంప్యూటర్‌ను చూసి సరిచేసుకుంటుంది. చూడవలసింది ప్రయోగానికి ముందు చివరి లెక్కింపు మొదలయ్యాక. చూసింది అంతకు చాలా ముందు. దాంతో ఇంజిన్లు మండించవలసిన ఘడియ ఎప్పుడో దాటిపోయిందని నమ్మి, లేని పనికి థ్రస్టర్లను, అంటే దిశను సరిచేసే చిన్న ఇంజిన్లను, ఎడాపెడా కాల్చి ఇంధనాన్ని ఖర్చు చేసింది. అంతరిక్ష కేంద్రానికి చేరే అవకాశం పోయి, రెండు రోజులకే అమెరికాలోని వైట్ శాండ్స్‌లో దిగవలసివచ్చింది. రాకెట్‌లో లోపం లేదు. వ్యోమనౌక ఇంజిన్లలో లోపం లేదు. ఒకరు చెప్పేది, మరొకరు వినేది, ఎప్పుడు వినాలి అన్న ఒడంబడిక దగ్గర జారింది. ఇద్దరినీ కలిపి మొదటి నుంచి చివరి దాకా ఒకే విడతగా పరీక్షించి ఉంటే ఇది బయటపడేది.

కాబట్టి లారీ పోలిక ఇక్కడ సరిపోదు. లారీ చక్రం పేలితే సరుకు లారీతో మాట్లాడనవసరం లేదు. వ్యోమనౌక మాత్రం రాకెట్‌తో ప్రతి క్షణం మాట్లాడుతూనే ఉండాలి.

జవాబు: హ్యూస్టన్ నుంచి రావు

కక్ష్య గారి వివరణ బాగుంది, కానీ కాడి మీద మరీ ఎక్కువ భారం మోపారని నా అభిప్రాయం. మాస్టారి విద్యార్థిని అడిగింది 2024 ప్రయాణం గురించి. దానికి జవాబు సూటిగా చెప్పవచ్చు: లోపం వ్యోమనౌకదే, అందులోనూ గుళిక కింద ఇంజిన్లు, ఇంధనం ఉండే సర్వీస్ మాడ్యూల్‌ది.

2024 జూన్ 5న అట్లాస్ వారిని సవ్యంగానే పంపింది. మరునాడు అంతరిక్ష కేంద్రం దగ్గరకు వస్తుండగా దిశను నియంత్రించే 28 థ్రస్టర్లలో ఐదు మొరాయించాయి. హీలియం కూడా కారుతూ ఉంది. థ్రస్టర్లు సర్వీస్ మాడ్యూల్ చుట్టూ నాలుగు పెట్టెల్లో ఇరుకుగా అమర్చి ఉంటాయి. వాటిని డాగ్‌హౌస్‌లు, అంటే కుక్కగూళ్లు అని పిలుస్తారు. చేతితో నడిపి చూసేందుకు, దిశ మార్చేందుకు వరుసగా మండించడంతో ఆ గూళ్లలో వేడి అనుకున్నదానికంటే పెరిగింది. వైట్ శాండ్స్‌లో అలాంటి థ్రస్టర్‌నే తెచ్చి అదే క్రమంలో మండించి, విప్పి చూశారు. ఆక్సీకారిణిని (ఇంధనం మండేందుకు తోడ్పడే ద్రవాన్ని) వదిలే కవాటంలోని టెఫ్లాన్ సీలు వేడికి ఉబ్బి, ద్రవం వెళ్లే దారికి అడ్డం పడుతున్నట్టు కనిపించింది. వేలి గోరంత సీలు ఉబ్బితే ఇద్దరు మనుషుల తిరుగు ప్రయాణం ఆగిపోయింది. ఇందులో రాకెట్‌కు ఏ పాత్రా లేదు. చెప్పాలంటే ఇక్కడ కాడి రాకెట్‌కూ నౌకకూ మధ్య కాదు. థ్రస్టర్ చేసిన సంస్థకూ, గూడు చేసిన సంస్థకూ మధ్య ఉంది.

ఇంకో మాట. సర్వీస్ మాడ్యూల్ భూమికి తిరిగి రాదు. గుళిక దిగే ముందు విడిపోయి గాలిలో కాలిపోతుంది. లోపం ఉన్న భాగాన్ని చేతిలోకి తీసుకుని చూసే అవకాశమే లేదు. అంతరిక్ష కేంద్రానికి తగిలించి ఉంచినన్ని రోజులే పరీక్షలకు గడువు. అందుకే ఆ వేసవి అంతా సాగదీశారు. చివరికి ఆగస్టు 24న నాసా ఖాళీగా దింపాలని నిర్ణయించింది. స్టార్‌లైనర్ సెప్టెంబరు మొదటి వారం ముగుస్తుండగా మనుషులు లేకుండానే క్షేమంగా దిగింది. ఆ తీర్పు అతిజాగ్రత్త అని అప్పుడు అన్నవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. కవాటం ఎందుకు మూసుకుందో, మళ్లీ ఎందుకు తెరుచుకుందో నిర్ధారించలేనప్పుడు, 'దిగింది కదా' అనేది తరువాత చెప్పగలిగే మాటే గానీ ముందు చెప్పగలిగేది కాదు.

రెండూ ఒకే సంస్థ చేస్తే కష్టాలు తీరుతాయన్నది కూడా చరిత్రకు నిలవదు. ఫాల్కన్ 9 రెండో అంచెలో హీలియం సీసాను పట్టి ఉంచే ఊత విరిగి 2015 జూన్ 28న సరుకుల డ్రాగన్ సముద్రం పాలైంది. 2016 సెప్టెంబరు 1న ఆమోస్-6 ఉపగ్రహంతో సహా రాకెట్ వేదిక మీదే పేలిపోయింది. 2019 ఏప్రిల్ 20న, అంతకు నెల రోజుల క్రితమే అంతరిక్ష కేంద్రానికి వెళ్లి వచ్చిన క్రూ డ్రాగన్, నేల మీది పరీక్షలో, ఆపదలో గుళికను తప్పించే సూపర్ డ్రాకో ఇంజిన్లు మండే క్షణానికి సెకనులో పదో వంతు ముందు తునాతునకలైంది. దాని కారణం నాకు ఎప్పటికీ మరుపురానిది. ఆక్సీకారిణి సుమారు ఒక కప్పెడు, కారకూడని చోటికి కారి హీలియం గొట్టంలో నిలిచింది. పీడనం పెంచగానే ఆ ముద్ద తూటాలా వెళ్లి టైటానియం కవాటాన్ని తాకింది. టైటానియం నిప్పంటుకుంది. ఆ తరువాత కవాటాల స్థానంలో ఒక్కసారే చిట్లి తెరుచుకునే బిళ్లలను పెట్టారు.

కాబట్టి స్పేస్‌ఎక్స్‌కు కలిసివచ్చింది ఒకే కప్పు కింద ఉండడం ఒక్కటే కాదు. ఫాల్కన్ తరచూ ఎగురుతుంది. సరుకుల డ్రాగన్ 2012 నుంచే అంతరిక్ష కేంద్రానికి వెళ్లి వస్తోంది. తప్పులన్నీ మనుషులు ఎక్కకముందే చేసి, మనుషులు ఎక్కేనాటికి వాటి మందు నేర్చుకున్నారు. బోయింగ్‌కు అలాంటి రిహార్సల్ దొరకలేదు.

రాకెట్ ఎంపిక వ్యోమనౌకను ఎలా మలుస్తుందో మాత్రం చెప్పి ముగిస్తాను. అట్లాస్ పైఅంచె సెంటార్‌కు మామూలుగా ఒకే ఇంజిన్ ఉంటుంది. దాని బలం తక్కువ కనుక రాకెట్ ముందు బాగా ఎత్తుకు ఎగబాకి, ఆ తరువాత నిదానంగా వేగం పెంచుకుంటుంది. ఉపగ్రహానికి ఇబ్బంది లేదు. మనుషులున్నప్పుడు అంత ఎత్తులో ఇంజిన్ ఆగిపోతే గుళిక నిట్టనిలువుగా వాతావరణంలోకి పడుతుంది. లోపలివారు భరించలేనంత ఒత్తిడి వస్తుంది. ఆ భాగాన్ని ఇంజినీర్లు నల్ల మండలం అంటారు. స్టార్‌లైనర్ కోసం సెంటార్‌కు రెండు ఇంజిన్లు పెట్టి దారిని చదును చేశారు. గుళిక రాకెట్ కంటే లావు కావడంతో గాలి సుడులు తగ్గించేందుకు కింద ఒక లంగా లాంటి తొడుగు కూడా చేర్చారు. ఇంత మార్చాక అది పాత లారీ ఎలా అవుతుంది?

గూడూరు మాస్టారు

ఇద్దరికీ ధన్యవాదాలు. 'నల్ల మండలం' పిల్లలకు లెక్కగా ఇవ్వడానికి భలే పనికొస్తుంది. ఒక అనుబంధ ప్రశ్న. డ్రాగన్‌లో వ్యోమగాములు కూర్చున్న తరువాత రాకెట్‌లో ఇంధనం నింపుతారని చదివాను. 2016లో నింపుతుండగానే పేలిన రాకెట్ కదా ఇది? మనుషులను ఎక్కించి నింపడం ఎలా ఒప్పుకున్నారు?

జవాబు: నేలపట్టు

మాస్టారూ, ఈ ప్రశ్న మీకంటే ముందు నాసా సలహా సంఘమే అడిగింది. అపోలో వ్యోమగామి థామస్ స్టాఫర్డ్ అధ్యక్షుడిగా ఉన్న సంఘం 2015లోనే, అంటే ఆమోస్ పేలుడుకు ముందే, దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. అప్పటిదాకా ఉన్న సంప్రదాయం ఏమిటంటే, ముందు ఇంధనం నింపి, రాకెట్ కుదురుకున్నాక మనుషులను పైకి పంపాలి. అట్లాస్ నేటికీ అంతే చేస్తుంది.

ఫాల్కన్ అలా చేయలేకపోవడానికి కారణం దాని ఆక్సిజన్. ద్రవ ఆక్సిజన్ సున్నాకు 183 డిగ్రీలు దిగువన మరుగుతుంది. ఫాల్కన్‌లో దానిని సున్నాకు 207 డిగ్రీల దిగువకు చల్లబరిచి పోస్తారు. అంత చల్లగా ఉంటే అదే తొట్టిలో ఎక్కువ పడుతుంది, రాకెట్‌కు ఎక్కువ సత్తువ వస్తుంది, మొదటి అంచె తిరిగి వచ్చి దిగేందుకు కావలసిన ఇంధనం మిగులుతుంది. అయితే అది వేడెక్కే లోపే బయలుదేరాలి. గంటల తరబడి నిలబెడితే ఆ లాభమంతా ఆవిరే. కనుక ఫాల్కన్ చవకగా ఉండడం, మళ్లీ మళ్లీ ఎగరడం, మనుషులు ఎక్కాక ఇంధనం నింపడం అనేవి మూడు వేర్వేరు నిర్ణయాలు కావు. ఒకే తీగకు కాసిన మూడు కాయలు. వాణిజ్య రాకెట్‌ను ఎంచుకున్నప్పుడు దాని వాణిజ్య అలవాట్లు కూడా వెంట వస్తాయి.

క్రమం ఇలా ఉంటుంది. ప్రయోగానికి సుమారు 42 నిమిషాల ముందు వ్యోమగాములు నడిచి వచ్చిన వంతెన పక్కకు జరుగుతుంది. 37 నిమిషాల ముందు తప్పించుకునే వ్యవస్థను సిద్ధం చేస్తారు. 35 నిమిషాల ముందు ఇంధనం పోయడం మొదలవుతుంది. ఆ వరుసే అసలు విషయం. ఒక్క చుక్క పడకముందే గుళిక ఎగిరి దూకడానికి తయారుగా ఉంటుంది. పాత పద్ధతిలో నిండిన రాకెట్ పక్కన నేల సిబ్బంది నిలబడి వ్యోమగాములకు పట్టీలు బిగిస్తారు. ఆ సమయంలో ఏదైనా జరిగితే వారందరికీ తప్పించుకునే గుళిక లేదు. కొత్త పద్ధతిలో వేదిక మీద మరో ప్రాణి ఉండదు. ఏది మేలో తేల్చడం నేను అనుకున్నంత తేలిక కాదని ఈ వాదన చదివాక ఒప్పుకున్నాను. హీలియం సీసాలను కొత్తగా రూపొందించి, మార్పులు లేని ఒకే రూపంలో రాకెట్‌ను ఏడుసార్లు ఎగరేయాలన్న షరతు పెట్టి, 2018 ఆగస్టులో నాసా సమ్మతించింది.

తప్పించుకునే వ్యవస్థల్లోనూ రెండు మతాలున్నాయి. సోయుజ్, అపోలో, మన గగన్‌యాన్ లాగుడు మతం: గుళిక తల మీద ఘన ఇంధన మోటార్ల గోపురం ఉండి, ఆపద రాగానే దానిని పైకి లాక్కుపోతుంది. అవసరం తీరగానే గోపురాన్ని పారేస్తారు. డ్రాగన్, స్టార్‌లైనర్ తోపుడు మతం: ఇంజిన్లు గుళికకో, దాని కింది భాగానికో అమర్చి ఉంటాయి; వాడకపోతే ఆ ఇంధనం కక్ష్యలో పనికొస్తుంది. తెలివైన ఆలోచనే, కానీ రావు గారు చెప్పిన కప్పెడు ఆక్సీకారిణి ఈ తెలివికి చెల్లించిన మూల్యం. గోపురంలోని ఘన ఇంధనం ఎక్కడికీ కారదు.

2023 అక్టోబరు 21న గగన్‌యాన్ తప్పించుకునే వ్యవస్థకు తొలి గగనతల పరీక్ష జరిగినప్పుడు నేను శ్రీహరికోట సందర్శకుల గ్యాలరీలో ఉన్నాను. 8 గంటలకన్నది 8:45 అయింది. లెక్క చివరికి వచ్చి ఐదు సెకన్లుండగా ఆగిపోయింది. గ్యాలరీ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. నా పక్కన కూర్చున్న పెద్దావిడ మనవడి చెవిలో, "ఏమీ కాలేదు నాన్నా, అదే ఆపేసుకుంది" అన్నది. ఇంతకంటే సరైన సాంకేతిక వివరణ ఆ రోజు నాకు మరొకటి వినిపించలేదు. మళ్లీ 10 గంటలకు ఎగిరి, దాదాపు 12 కిలోమీటర్ల ఎత్తులో, ధ్వని వేగాన్ని దాటిన స్థితిలో, గోపురం గుళికను లాక్కుని పోయింది. కొద్ది నిమిషాలకే అది బంగాళాఖాతంలో దిగింది.

రావు గారికి చిన్న సవరణ. 2024లో రాకెట్ పూర్తిగా నిర్దోషి కాదు. మే 6న వ్యోమగాములు కూర్చుని ఉండగా ప్రయోగం ఆగింది సెంటార్‌లోని ఆక్సిజన్ పీడన కవాటం అదేపనిగా అదరడం వల్లనే. ఉపగ్రహం ఉంటే ఆ కవాటాన్ని ఒకసారి మూసి తెరిచి బయలుదేరేవారు. మనుషులున్నప్పుడు దాని జోలికి పోకూడదన్నది నియమం. అదే రాకెట్, అదే కవాటం, పైన కూర్చున్నది ఎవరన్నదాన్ని బట్టి తీర్పు మారింది.

జవాబు: జమాఖర్చు

ఇంజిన్ల సంగతి పెద్దలు చెప్పారు, డబ్బు సంగతి నేను చెబుతాను. ఇవి స్థిర ధర ఒప్పందాలు. పని ఆలస్యమైతే నష్టం కంపెనీదే. బోయింగ్ స్టార్‌లైనర్ మీద 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం రాసుకుంది. అయినా 2019 నవంబరులో నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక బయటపెట్టిన విషయం ఏమిటంటే, స్థిర ధర అన్నాక కూడా బోయింగ్‌కు అదనంగా 28.72 కోట్ల డాలర్లు ఇవ్వడానికి నాసా ఒప్పుకుంది. అదే నివేదిక స్టార్‌లైనర్ సీటు ధరను దాదాపు 9 కోట్ల డాలర్లుగా, డ్రాగన్ సీటు ధరను దాదాపు 5.5 కోట్ల డాలర్లుగా లెక్కగట్టింది. ఈ తేడాలో రాకెట్ వాటా చిన్నది కాదు. అట్లాస్ ఎగిరిన ప్రతిసారీ సముద్రంలో పడుతుంది. ఫాల్కన్ మొదటి అంచె తిరిగి వస్తుంది. 2021 ఏప్రిల్‌లో క్రూ-2 బృందం ఒకసారి వాడిన రాకెట్ మీద, ఒకసారి వాడిన గుళికలో వెళ్లింది.

ఆలస్యానికి కంపెనీలనే నిందించడం కూడా న్యాయం కాదు. 2012 ఆర్థిక సంవత్సరానికి నాసా ఈ కార్యక్రమం కోసం 85 కోట్ల డాలర్లు అడిగితే అమెరికా కాంగ్రెస్ సగం కూడా ఇవ్వలేదు. ఆలస్యమైన ప్రతి ఏడాదీ సోయుజ్ సీట్లకు డబ్బు కట్టారు. ఆ సీటు ధర చివరికి 8 కోట్ల డాలర్లు దాటింది. ఇంట్లో బోరు వేయించడానికి చేతులు రాక ఏళ్ల తరబడి ట్యాంకరు నీళ్లు కొన్నట్టు.

ఇక కక్ష్య గారి బావి పోలికకు కొనసాగింపు. ఇప్పుడు బావి మారింది, అంతే. 2024లో ఫాల్కన్ 9 జులైలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి, సెప్టెంబరు 28న క్రూ-9 బృందాన్ని పంపిన వెంటనే మరోసారి, మూడు వేర్వేరు కారణాలతో ఆగింది. ఎక్కువ రోజులు ఆగలేదు గనుక సరిపోయింది. అట్లాస్ 5 అమ్మకం 2021లోనే ముగిసింది. స్టార్‌లైనర్ కోసం పక్కన పెట్టినవి అయిపోతే ఇక లేవు. ఆ తరువాత యునైటెడ్ లాంచ్ అలయన్స్ కొత్త రాకెట్ వల్కన్‌కు మారాలంటే మనుషులను మోసే అర్హత మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోవాలి. వల్కన్ ఇంజిన్లు చేసేది ఎవరనుకున్నారు? 2011లో గుళికతో పోటీకి వచ్చిన బ్లూ ఆరిజిన్. 2025 నవంబరులో నాసా బోయింగ్ ఒప్పందంలోని ఖాయమైన ప్రయాణాలను ఆరు నుంచి నాలుగుకు తగ్గించి, తదుపరి ప్రయాణం సరుకులతోనే అని చెప్పింది. రెండు దారులు ఉండాలన్న మూల ఉద్దేశం ప్రస్తుతానికి కాగితం మీదే ఉంది.

మన దేశానికీ ఇది దూరపు సంగతి కాదు. శుభాంశు శుక్లా 2025 జూన్ 25న వెళ్లింది ఫాల్కన్ మీద, డ్రాగన్‌లోనే. ఆ నెల మొదట్లో రాకెట్‌లో ఆక్సిజన్ కారుతున్నట్టు తేలితే, దానిని సరిచేసి మళ్లీ పరీక్షించాలని ఇస్రో బృందం పట్టుబట్టింది. సీటు కొన్నవారికి కూడా అడిగే హక్కు ఉంటుంది.

గూడూరు మాస్టారు

ఇన్ని కోణాలు ఉంటాయని అనుకోలేదు. ఈ రోజు తరగతిలో ఇవన్నీ చెబితే ఆ విద్యార్థినే ఇంకొకటి అడిగింది: ఆపద వచ్చిందని గుళికకు ఎవరు చెబుతారు? లోపల కూర్చున్నవారు మీట నొక్కాలా?

జవాబు: కక్ష్య

చాలా మంచి ప్రశ్న వేసింది. మీట ఉంటుంది, కానీ మనిషి చేయి అక్కడికి చేరేంత వ్యవధి సాధారణంగా ఉండదు. 1983 సెప్టెంబరు 26న బైకనూరులో వ్లదిమిర్ తితోవ్, గెన్నదీ స్త్రెకలోవ్ కూర్చున్న సోయుజ్ రాకెట్ కింద, బయలుదేరడానికి నిమిషంన్నర ఉందనగా మంటలు లేచాయి. ఆ మంటల్లో ఆదేశం పంపే తీగలే కాలిపోయాయి. లోపలివారి చేతిలో గోపురాన్ని మండించే మీట లేదు. చివరికి వేర్వేరు గదుల్లో ఉన్న ఇద్దరు నియంత్రకులు విడివిడిగా బొత్తాలు నొక్కి రేడియో ద్వారా ఆదేశం పంపారు. గుళిక ఎగిరిన కొద్ది సెకన్లకే రాకెట్ వేదిక మీద కుప్పకూలి పేలింది. ఇద్దరూ బతికారు.

ఇప్పుడు ఆ పని కంప్యూటర్లది. డ్రాగన్‌లో రాకెట్, గుళిక ఒకే ఇంటివి కనుక ఆ భాష పుట్టుకతోనే ఉమ్మడిది. ఉపగ్రహాల కోసం పుట్టిన అట్లాస్‌కు మాత్రం తన ఒంట్లో ఏం జరుగుతోందో పైన ఉన్న గుళికకు చెప్పే నోరే ఉండేది కాదు. 2010లో నాసా పంచిన ఆ మొదటి 5 కోట్ల డాలర్లలో ఒక వాటాదారు పేరు చాలామంది గమనించరు. వ్యోమనౌక చేయని యునైటెడ్ లాంచ్ అలయన్స్‌కు 67 లక్షల డాలర్లు దక్కాయి. అట్లాస్‌కు ఆ నోరు పెట్టడానికే.